వైద్యానికి ప్రమాణమేది?



పద్యాలూ పదాలూ చర్చించుకొనే ఈ పుటలో వైద్యం ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. నేను వైద్యుణ్ణి కాను. పాతబస్తీలో మూడు దశాబ్దాలు తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. అయితే పండిత పరీక్షకు చదివే రోజులలో కావ్యాలతోపాటు తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహాన్ని కూడా మా చేత వల్లెవేయించారు. ఏది తెలిసినా అది ఎట్లా తెలిసిందో చెప్పగలగాలన్నది ఆ శాస్త్రం నేర్పే మొదటి పాఠం. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు. వాటిలో దేనికీ అందని మాట ఎంత పెద్దవారు చెప్పినా మాటగానే మిగులుతుంది.

ఈ కాలపు వైద్యులు ‘సాక్ష్యాధారిత వైద్యం’ అంటున్నది ఈ పాఠానికి చాలా దగ్గరగా ఉన్నదని నాకు తోస్తుంది. ఒక చికిత్స గుణమిస్తుందని చెప్పేముందు, దాన్ని పొందినవారినీ పొందనివారినీ పోల్చి, లెక్కకట్టి, ఆ లెక్కను పదిమంది ముందు పెట్టాలన్నది దాని సారాంశం. వైద్యుని అనుభవాన్నీ రోగి ఇష్టాయిష్టాలనూ అది తోసిపుచ్చదు. ఆ రెండింటికీ లెక్కను తోడుగా నిలుపుతుంది.

తల్లులు ప్రసవంలో మరణించకూడదు, పసిపిల్లలు విరేచనాలతో కన్నుమూయకూడదు, శస్త్రచికిత్సలు నిరపాయంగా జరగాలి, జబ్బు చేసిన ఇల్లు అప్పులపాలు కాకూడదు. ఏ ప్రభుత్వమైనా ప్రకటించే పెద్ద లక్ష్యాలు ఇవే. వీటిని సాధించడానికి భవనాలకంటె, పథకాలకంటె ముందు కావలసింది ప్రమాణనిష్ఠ అని నా అభిప్రాయం. అది లేనిచోట ధనవంతుడు కొంత డబ్బు పోగొట్టుకొంటాడు. బీదవాడు మనిషినే పోగొట్టుకొంటాడు.

ఇందుకు నిదర్శనం వెతుక్కుంటూ దూరదేశాలకు పోనక్కరలేదు. మూసీ దాటితే చాలు.

అఫ్జల్‌గంజ్‌లో ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న తావున నిజాం కాలంలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద దాన్ని ఊడ్చివేసింది. ఆ వరదకు ఇరవై ఏళ్ళ ముందు ఈ నగరంలో జరిగిన ఒక పరిశోధన లండను దాకా ప్రతిధ్వనించింది.

1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా వాడుకలోకి తెచ్చాడు. కత్తికి భయపడే మనిషికి అది వరమై కొన్ని వారాలలోనే దేశదేశాలకు పాకింది. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు తీయించుకోవడానికి ఆ మత్తు పీల్చి నిమిషాలలో ప్రాణం విడిచింది. అటువంటి మరణాలు ఆ తరువాత కూడా అక్కడక్కడ జరుగుతూ వచ్చాయి. ముందు ఆగుతున్నది ఊపిరా, గుండెయా? ఎడిన్‌బరో సంప్రదాయంవారు ఊపిరి అన్నారు. శ్వాసను కనిపెట్టి ఉంటే భయం లేదన్నారు. లండనులో చాలామంది గుండె అన్నారు. నాడి పట్టుకొని కూర్చోవాలన్నారు. అర్ధశతాబ్దం పాటు రెండు పక్షాలూ తమ తమ గురువుల మాటనే ప్రమాణంగా చూపుకొన్నాయి. తర్కశాస్త్ర పరిభాషలో ఇది శబ్దప్రమాణం, అంటే ఆప్తవాక్యం. ఇద్దరు ఆప్తులు పరస్పర విరుద్ధంగా పలికినప్పుడు ఆప్తవాక్యానికి దారి మూసుకుపోతుంది.

ఎడిన్‌బరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, 1846లో స్థాపితమైన ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతి అయ్యాడు. ఊపిరి పక్షానికి గట్టి వకీలు. ఆయన పూనికతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ ఏర్పడి కుక్కల మీద ప్రయోగాలు చేసింది. ఊపిరే ముందు ఆగుతున్నదని తేల్చింది. లండనులోని లాన్సెట్ పత్రిక ఆ తీర్పును ఒప్పుకోలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం చేసిన పని నాకు ఎంతో గౌరవింపదగినదిగా కనబడుతుంది. నమ్మకపోతే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అని వేయి పౌనులు ఇచ్చింది. లాన్సెట్ పక్షాన సర్ బిరుదు ఇంకా రాని లాడర్ బ్రంటన్ హైదరాబాదుకు వచ్చాడు. 1889లో రెండవ కమిషన్ కూర్చున్నది. లారీ, బ్రంటన్‌లతోపాటు బామ్‌ఫర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులు. నాలుగు వందలకు మించిన జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. రక్తపు పోటును కొలిచే యంత్రాలతో రేఖలు గీశారు. గుండె మీద అనుమానంతోనే వచ్చిన బ్రంటన్ చివరకు లారీ పక్షమే నిజమని తంతి పంపాడు. నివేదిక 1890లో లాన్సెట్‌లో అచ్చయింది.

అదే 1889లో ఆ వైద్య పాఠశాల నుండి రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పారశీక వనిత పట్టా పుచ్చుకున్నది. ప్రపంచంలో మత్తువైద్యాన్ని వృత్తిగా చేపట్టిన తొలి స్త్రీలలో ఆమెను చరిత్రకారులు లెక్కిస్తారు. ఆ వైభవం మన బడిపుస్తకాలలోకి ఎక్కలేదన్నది వేరే విచారం.

కథ అక్కడ ముగిసి ఉంటే నేను రాయవలసింది లేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు క్లోరోఫాం గుండె మీద సూటిగానే పనిచేస్తుందని ప్రయోగాలతో చూపారు. 1911లో గుడ్‌మన్ లెవీ అసలు ముడి విప్పాడు. లోతైన మత్తులో మందు మోతాదు మించితే ఊపిరి ముందు ఆగుతుంది. మత్తు పైపైన ఉన్నప్పుడు, భయం వలననో నొప్పి వలననో ఒంట్లో ఎడ్రినలిన్ ఎగదన్నితే, గుండె లయ తప్పి హఠాత్తుగా నిలిచిపోతుంది. హైదరాబాదులో గీసిన రేఖలు అబద్ధం కావు. వాటినుండి తీసిన నిర్ణయం హద్దు దాటింది.

మన తర్కశాస్త్రంలో దీనికి ఒక పేరున్నది: ఉపాధి. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉన్నదని ఊహించవచ్చు. నిప్పు కనబడితే పొగ ఉన్నదని ఊహించరాదు. కాల్చిన ఇనుపకడ్డీలో నిప్పున్నా పొగ ఉండదు కదా. పొగ రావాలంటే నిప్పుతోపాటు తడికట్టె కూడా కావాలి. ఆ తడికట్టెయే ఉపాధి. దాన్ని గమనించక చేసిన అనుమానం చూపునకు హేతువులాగే ఉంటుంది గాని హేతువు కాదు, హేత్వాభాసం. కమిషన్‌వారి నిర్ణయానికి మోతాదు మించిన లోతైన మత్తు తడికట్టెగా నిలిచింది. బల్ల మీద స్థిమితంగా మత్తెక్కించిన కుక్కలో జరిగింది వేరు, గోరు తీయించుకోవడానికి వచ్చి సగం మత్తులో భయంతో వణికిన బాలికలో జరిగింది వేరు. లారీ మాత్రం తన పక్షాన్ని విడువలేదు.

ఈ కథ విన్నవారు రెండు రకాలుగా మాట్లాడతారు. ‘చూశారా, సాక్ష్యం సాక్ష్యం అంటారు, అదీ తప్పే’ అని ఒక వర్గం. ‘మన హైదరాబాదు ప్రపంచానికి పాఠం చెప్పింది’ అని మరొక వర్గం. నేను రెండింటికీ తల ఊపలేను. తప్పును పట్టుకొన్నది మరింత మంచి ప్రయోగమే గాని గురువుగారి కోపమో మరొక గురువుగారి శాపమో కాదు. హైదరాబాదువారు పద్ధతినీ కొలతలనూ బాహాటంగా అచ్చువేశారు కనుకనే కేంబ్రిడ్జివారు లోపాన్ని పట్టుకోగలిగారు. దాచుకొన్న మాటను ఎవరూ దిద్దలేరు. దిద్దుబాటుకు లోబడటమే ప్రమాణానికి గుర్తు. ఆ పని ఈ నగరం 1889లోనే చేసినందుకు మనం గర్వించవచ్చు. నిర్ణయం నిలవలేదన్న సంగతి కూడా మనమే చెప్పుకోవాలి.

క్లోరోఫాం వచ్చిన 1847లోనే వియన్నాలో మరొక సంగతి జరిగింది. అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో వైద్య విద్యార్థులు పనిచేసే విభాగంలో బాలింతలు సూతికాజ్వరంతో విపరీతంగా మరణించేవారు. శవపరీక్ష గది నుండి సరాసరి కాన్పుగదికి పోయే చేతులే కారణమని సెమ్మెల్వైస్ గ్రహించి, సున్నపు క్లోరిను నీటితో చేతులు కడిగించాడు. 1846లో నూటికి పదకొండుకు పైగా ఉన్న మరణాలు 1848లో నూటికి ఒకటికి కొంచెం ఎగువకు దిగాయి. అయినా తోటివారు ఆయనను వెక్కిరించారు. క్లోరోఫాం వారాలలో పాకింది. చేతులు కడగడం దశాబ్దాలకు గాని పాకలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. మత్తు గుణం ఒక్క రోగి దగ్గరే కళ్ళకు కనబడుతుంది, అరిచేవాడు నిద్రపోతాడు. చేతులు కడిగిన గుణం ఒక్క మంచం దగ్గర కనబడదు. చేతులు కడగకపోయినా పదిమందిలో తొమ్మిదిమంది బతికే ఉన్నారు కదా. కొన్ని సత్యాలు ఒక మంచం దగ్గర కనబడవు. వేయి మంచాల లెక్కలోనే కనబడతాయి. ప్రత్యక్షమే గొప్ప ప్రమాణమని నమ్మే మనకు ఇది మింగుడుపడదు. ‘నా కళ్ళతో చూశానండీ’ అన్న మాట ఎంత నిజాయితీగా పలికినా వైద్యంలో అది తొలిమెట్టు మాత్రమే.

ఇక మా గల్లీలకు వద్దాం.

శాలిబండ, మొగల్‌పురా, లాల్‌దర్వాజా ప్రాంతాలలో వానకాలం వచ్చిందంటే వాంతులు, విరేచనాలు. మురికినీరు తాగునీటి గొట్టాలలో కలిసిన వార్త ఏదో ఒక వాడనుండి వినబడుతుంది. ఆ రోజుల్లో చిన్న దవాఖానాలలో చూస్తే బల్లల మీద వరుసగా గ్లూకోజు సీసాలు వేలాడుతుంటాయి. మా ఇంటి దగ్గరి పెద్దామె ఒకరు నాతో అన్న మాట: “సార్, సూది ఎయ్యని డాక్టర్ కాడికి పోతే పైసలు దండుగ.” ఆమెను తప్పు పట్టను. సీసా ఎక్కించాక మనవడు లేచి కూర్చోవడం ఆమె కళ్ళారా చూసింది.

ఇక్కడ లెక్క ఏమి చెబుతున్నది? 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో శరణార్థులు లక్షలుగా సరిహద్దు దాటి వచ్చినప్పుడు బన్‌గావ్ శిబిరంలో కలరా పట్టుకొన్నది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని పీపాలలో నింపి, రోగుల బంధువుల చేతనే గ్లాసులతో తాగించాడు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నాలుగుకు లోపునకు దిగాయి. ప్రేగులో గ్లూకోజు ఉప్పును తన వెంట లోపలికి తీసుకుపోతుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. అదీ అందులోని సూక్ష్మం. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఓ.ఆర్.ఎస్.లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, వాటితోపాటు పొటాషియం, సిట్రేటు లవణాలు ఉంటాయి. దానికి తోడు పిల్లలకు పది, పద్నాలుగు రోజులు జింకు ఇవ్వాలని ఆ సంస్థ, యునిసెఫ్ కలిసి 2004లో సిఫారసు చేశాయి. బిడ్డ సొమ్మసిల్లి తాగలేని స్థితిలో ఉంటే సీసా తప్పదు. తాగగలిగిన బిడ్డకు కొద్ది రూపాయల పొట్లం చాలు.

ఆ పొట్లంలో కొలతే ప్రాణం. చక్కెర మించితే విరేచనం తగ్గడం మాట అటుంచి హెచ్చుతుంది. అయినా ఓ.ఆర్.ఎస్. అన్న అక్షరాలు వచ్చేట్టు పేరు పెట్టుకొని చక్కెర పానీయాలు మందుల దుకాణాలలో ఏళ్ళ తరబడి అమ్ముడయ్యాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్ళు ఈ విషయంపై పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఆ సూత్రం పాటించని పానీయాల పేర్లలో ఆ అక్షరాలు ఉండరాదని ఆదేశించింది. మూడక్షరాల కోసం ఎనిమిదేళ్ళా అని ఆశ్చర్యపోకండి. పదానికీ పదార్థానికీ ఉండవలసిన సంబంధం కోసం జరిగిన పోరాటం అది. భాష చెప్పుకొని బతికినవాణ్ణి కనుక నా మనసుకు మరింత దగ్గరగా తోచింది.

పాతబస్తీ అనగానే ఇతర ప్రాంతాలవారికి గుర్తుకు వచ్చేది చేపమందు. మృగశిర కార్తె ప్రవేశించే రోజున దూద్‌బౌలిలో బత్తిని వంశంవారి ఇంటి ముందు ఒకప్పుడు ఉబ్బసం రోగులు బారులు తీరేవారు. తరువాతి కాలంలో ఆ పంపిణీ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. బతికిన కొర్రమీను పిల్ల నోట మందు పెట్టి మింగిస్తారు. శాకాహారులకు బెల్లంలో ఇస్తారు. 1845 నుండి వస్తున్నదని ఆ వంశంవారు చెబుతారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా ఇన్ని తరాలుగా వారు చేస్తున్న సేవకు నేను నమస్కరిస్తాను. దీని గుణంపై హేతువాదులు కోర్టులకెక్కిన తరువాత మందన్న మాట పోయి ప్రసాదమన్న మాట స్థిరపడింది. ప్రసాదానికి ప్రమాణం అడగరాదు. అది భక్తి విషయం. మందుకు మాత్రం అడిగి తీరాలి.

ఉబ్బసం ఎప్పుడూ ఒకే తీరున ఉండే జబ్బు కాదు. పెరుగుతుంది, తగ్గుతుంది, ఋతువుతో మారుతుంది. బాగా హెచ్చినప్పుడే మనిషి మందుకోసం బయలుదేరుతాడు. హెచ్చినది ఎలాగూ కొంత తగ్గుతుంది. మందుకు తోడు నలభై అయిదు రోజుల పథ్యం కూడా ఉన్నది. ఇన్ని తడికట్టెల మధ్య గుణం దేనివలన కలిగిందో చెప్పడం ఎట్లా? కాకి వాలడమూ తాటిపండు పడడమూ ఒకేసారి జరిగితే కాకతాళీయం అన్నారు మన పెద్దలు. కాకి వాలని చెట్లనుండి ఎన్ని పండ్లు రాలాయో లెక్కపెట్టనంతవరకు కాకి మహిమ తేలదు. ఆ దినుసులు వారి కుటుంబ రహస్యం. రహస్యంగా ఉన్నదానిని, పైన చెప్పుకున్నట్లు, ఎవరూ దిద్దలేరు, ధ్రువపరచనూ లేరు. నా విన్నపం ఒక్కటే: ప్రసాదం స్వీకరించేవారు వైద్యుడిచ్చిన పీల్చే మందును మాత్రం మానుకోకండి.

నాటుమందులమీదనే నా గురి అనుకోకండి. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ దవాఖానాను చూస్తూ పెరిగిన బస్తీ ఇది. చరకుడు ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానాలకు తోడు యుక్తిని కూడా ప్రమాణంగా చెప్పాడు. అనేక కారణాలు కలిసి ఒక ఫలితాన్ని ఎట్లా ఇస్తాయో వివేచించడమే యుక్తి. ప్రమాణం అడగడం పరదేశపు అలవాటు కాదు. అడగడం మానుకోవడమే మనకు పట్టిన కొత్త జబ్బు. అది చల్లగాలి యంత్రాలున్న ఆసుపత్రులను కూడా వదలలేదు.

సిజేరియన్ కాన్పుల సంగతి చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు కోతతో జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులలో 81.5, ప్రభుత్వ ఆసుపత్రులలో సైతం 44.5. జనాభా మొత్తం మీద ఈ సంఖ్య నూటికి పదిని దాటిన తరువాత తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గినట్లు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. అవసరమైన తల్లికి ఆ కోత ప్రాణదానమే, సందేహం లేదు. అవసరం లేని తల్లికి అది నొప్పి, ఖర్చు, తరువాతి కాన్పులో మాయ అతుక్కుపోయే ప్రమాదం.

‘కోతలు పెరిగాయి, తల్లుల మరణాలు తగ్గాయి కదా’ అంటారు కొందరు. నిజమే, తెలంగాణలో 2018–20 నాటికి లక్ష కాన్పులకు 43 మరణాలు. దేశం సగటు 97. గర్వించవలసిన సంఖ్య. అయితే అది కోతల వలననే అనడం నిప్పునుండి పొగను ఊహించడం వంటిది. కేరళలో కోతలు నూటికి 38.9, అక్కడ అదే కాలంలో తల్లుల మరణాలు లక్షకు 19. ఆసుపత్రిలో కాన్పు, సమయానికి రక్తం, సమయానికి వాహనం, రక్తహీనతకు ముందే మందు, ఇవన్నీ ఇక్కడ తడికట్టెలు.

ఇందులో వైద్యులనే అనడం కూడా న్యాయం కాదు. ముహూర్తం పెట్టించుకొని వచ్చి ఫలానా నక్షత్రంలో కోయండి అని అడిగే ఇళ్ళను నేనెరుగుదును. పంచాంగం చూడడం నేర్చినవాణ్ణి కనుక చెబుతున్నాను: పుట్టిన ఘడియను బట్టి జాతకం రాస్తారు. జాతకాన్ని బట్టి పుట్టుకను కోయించమని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

దీనికి ప్రమాణం చూపిన మందు ఖరీదైనది కాదు. కాన్పు సమయంలో తల్లికి ఎడతెగని తోడు ఉంటే కోతలు తగ్గుతాయని అనేక దేశాలలో జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలు తేల్చాయి. శిక్షణ పొందిన మంత్రసాని ఆధ్వర్యంలో సాగే కాన్పులకూ అటువంటి మేలే కనబడింది. తెలంగాణలో 2017లో నర్సులకు ఈ శిక్షణ మొదలైంది. అత్తగారో అమ్మో చేయి పట్టుకొని కూర్చోవడం మన ఇళ్ళలో అనాదిగా ఉన్నదే. వార్డులో చోటు లేదని ఆ తోడును గుమ్మం బయట నిలబెట్టడం మనం కొత్తగా తెచ్చుకొన్న అలవాటు. సాక్ష్యం కొన్నిసార్లు పాత ఆచారాన్ని కొట్టివేస్తుంది. కొన్నిసార్లు దాన్నే తిరిగి ఇంట్లోకి పిలుస్తుంది. ఏ పక్షానికీ అది కట్టుబానిస కాదు.

ఒక ఆక్షేపణ మాత్రం బలమైనది. ఈ పరీక్షలన్నీ ఎక్కడో ఇతర దేశాల మనుషుల మీద జరిగినవి, మన ఒళ్ళు వేరు, మన బీదరికం వేరు అంటారు. ఒప్పుకొంటాను. జవాబు పరీక్షలను వదిలివేయడం కాదు, ఇక్కడే చేయడం. క్షయరోగులను ఊరికి దూరంగా శానిటోరియంలో ఉంచి పాలూ గుడ్లూ పెడితేనే నయమవుతుందని లోకమంతా నమ్మిన రోజులలో, 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం ఒక పరీక్ష మొదలుపెట్టింది. రోగులను చీటీలు తీసినట్లు రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గాన్ని శానిటోరియంలో, ఒక వర్గాన్ని వారి ఇరుకు ఇళ్ళలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. 1959లో ఫలితం అచ్చయింది. తిండి తక్కువైనా, గాలి తక్కువైనా, ఇంట్లో మందు మింగినవారికీ దాదాపు అంతే నయమైంది. ఇంట్లోవారికి అదనంగా అంటుకోలేదు. అప్పటినుండి ప్రపంచమంతా క్షయకు ఇంటివద్ద చికిత్స అన్నది రాజమార్గమైంది. మంచం దొరకని బీదవానికి మంచం అక్కరలేదని నిరూపించినది మన దక్షిణదేశపు బీదల మీద జరిగిన లెక్కయే. చీటీలు తీయడం ఎందుకంటారా? ఎవరికి ఏది ఇవ్వాలో మనిషి ఎంచితే ఆ ఎంపికే తడికట్టె అవుతుంది.

ఇంకొక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. సాక్ష్యం కాగితం మీద ఉంటే చాలదు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో శస్త్రచికిత్సకు ముందూ వెనుకా ఒక చిన్న పట్టిక చదివి సరిచూసుకొనే అలవాటు పెట్టగా మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో తేలింది. అదే పట్టికను కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులలో తప్పనిసరి చేయగా చెప్పుకోదగిన తగ్గుదల కనబడలేదని 2014లో మరొక లెక్క వచ్చింది. పట్టిక చదవడం వేరు, టిక్కు పెట్టడం వేరు అన్నది పలువురి వ్యాఖ్యానం. హాజరుపట్టీ రాసిన నాకు ఆ తేడా తెలుసు. పిల్లవాడు పలికిన ‘ఉన్నాను సార్’ అన్న మాటకూ పేరు ఎదుట పడిన గుర్తుకూ మధ్య ఎంత దూరముంటుందో ఏ ఉపాధ్యాయుడైనా చెప్పగలడు.

ఆ పట్టికలో ఒక అంశం: రోగి వేలికి ఆక్సిమీటరు తగిలించి అది పనిచేస్తున్నదా లేదా చూడాలి. కోవిడ్ రోజులలో మనందరి ఇళ్ళకూ వచ్చిన ఆ చిన్న పరికరం ఒకేసారి రెండు సంగతులు చెబుతుంది: నాడి ఎంత కొట్టుకొంటున్నది, రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉన్నది. ఊపిరి చూడాలన్న లారీ పక్షం, నాడి చూడాలన్న లండను పక్షం, రెండూ ఒక్క వేలికొసన కలిసి కూర్చున్నాయి. వాదం అరుపులతో తేలలేదు, కొలతతో తేలింది.

కోవిడ్ అనుకున్నాము కనుక ఒక మాట. 2020 జూన్‌లో ఇంగ్లండులో జరిగిన పెద్ద పరీక్ష, డెక్సామెథసోన్ అనే పాతకాలపు చవక మందు, వెంటిలేటరు మీది రోగులలో మరణాలను మూడవ వంతు తగ్గిస్తుందని తేల్చింది. 2021 ఏప్రిల్, మే నెలలలో మన జనం నగలు తాకట్టు పెట్టి పరుగెత్తినది మాత్రం రెమ్డెసివిర్ కోసం. ఆసుపత్రిలో చేరిన రోగుల మరణాలను అది పెద్దగా తగ్గించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్ష 2020 అక్టోబరులోనే చెప్పింది. రుజువు చవక మందు పక్కన నిలబడితే పరుగు ఖరీదు మందు వెంట పోయింది. ఆ తాకట్టులు ఇంకా విడిపించుకోని ఇళ్ళు మా వీధిలో ఉన్నాయి.

అందుకే నేను కోరుకొనేది కొంచెమే. ప్రతి ఆసుపత్రి, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, తన గుమ్మం దగ్గర తెలుగులో, ఉర్దూలో ఒక పలక పెట్టాలి. నిరుడు ఎన్ని కాన్పులు, ఎన్ని కోతలు, శస్త్రచికిత్స తరువాత ఎందరికి చీము పట్టింది, ఎందరు మరణించారు. కష్టమైన కేసులు వచ్చే పెద్ద ఆసుపత్రికి అన్యాయం జరగకుండా తల్లులను పది వర్గాలుగా విడదీసి పోల్చే రాబ్సన్ పద్ధతి ఇప్పటికే ఉన్నది. ఉస్మానియాకు గోషామహల్‌లో కొత్త భవనం కోసం 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. సంతోషమే. ఆ భవనంలో ఎన్ని పడకలో చెప్పినంత గట్టిగా, ఆ పడకల మీద ఏమి జరిగిందో కూడా ఏటేటా చెప్పగలగాలి. 1889లో ఈ నగరం తన ప్రయోగాలను ప్రపంచం ముందు పరచడానికి జంకలేదు; తన కాన్పుల లెక్కను తన ప్రజల ముందు పరచడానికి ఇప్పుడు జంకడమెందుకు?

మనవంతు కూడా ఉన్నది. వైద్యుని ముందు కూర్చున్నప్పుడు వినయంగానే మూడు ప్రశ్నలు అడగవచ్చు: ఇది చేయకపోతే ఏమవుతుంది? ఇంతకంటె సులువైన మార్గమున్నదా? ఇది గుణమిస్తుందని ఎట్లా తెలిసింది? మంచి వైద్యుడు కోపగించుకోడు. నా తరగతిలో ‘ఎట్లా తెలుసు సార్’ అని అడిగిన పిల్లలనే నేను ఎక్కువగా ప్రేమించాను.

మిత్రులలో వైద్యవృత్తిలో ఉన్నవారు ఎవరైనా ఉంటే నా పరిభాషలోని పొరపాట్లను సవరించవలసిందిగా మనవి. ‘కన్ఫౌండర్’ అన్న మాటకు తెలుగులో రకరకాల అనువాదాలు కనబడుతున్నాయి. తర్కశాస్త్రంలో సిద్ధంగా ఉన్న ‘ఉపాధి’ సరిపోతుందని నా ప్రతిపాదన. ఉపాధి అంటే ఇప్పుడందరికీ ఉద్యోగమే గుర్తుకు వస్తుందంటారా, అయితే ‘తడికట్టె’ అనండి. పిల్లలకు కూడా అర్థమవుతుంది.